ఎంచుకునే కథలు: వయోజనుల కథాక్రీడల్లో అనుబంధాలు, ధర్మసంకటాలు

పాత్ర తరఫున నిర్ణయాలు తీసుకుంటూ ముందుకు సాగే కంప్యూటర్ కథను ఇంటరాక్టివ్ ఫిక్షన్ అంటారు. దానికి బొమ్మలు, సంగీతం తోడైతే విజువల్ నావెల్. తెలుగులో కథాక్రీడ అనుకోవచ్చు. ఇందులో శత్రువును కాల్చడం, గోల్ కొట్టడం ఉండవు. ఎదుటి మనిషి ఒక మాట అంటాడు, తెర మీద రెండో మూడో జవాబులు కనిపిస్తాయి, ఒకటి నొక్కాలి. నొక్కినదాన్ని ఆట గుర్తుపెట్టుకుంటుంది. వయోజనుల కథాక్రీడల్లో కొన్నిటికి శృంగార దృశ్యాల వల్ల ఆ పేరు వచ్చింది. మిగతావాటికి వస్తువు వల్ల వచ్చింది: పెళ్లి, విడిపోవడం, నమ్మకద్రోహం, అప్పు, ముసలి తల్లిదండ్రుల బాధ్యత. రెండు రకాలూ ఒకే ఆన్‌లైన్ దుకాణంలో, ఒకే వయసు గుర్తు కింద అమ్ముడుపోతున్నాయి కాబట్టి ఈ వ్యాసంలో రెండింటి ప్రస్తావనా ఉంది. బరువు మాత్రం రెండో రకం మీదే.

ఈ ఆటలకు కావలసిన చేయి తిరిగిన పనివారూ, ఆ కథలు అర్థమయ్యే వయసువారూ హైదరాబాద్ ఐటీ కారిడార్‌లో ఒకేచోట ఉన్నారు. అందుకే చర్చకు ఆ ప్రాంతాన్నే కేంద్రంగా తీసుకున్నాం.

మాదాపూర్ నుంచి నానక్‌రామ్‌గూడ దాకా

1998 నవంబరు 22న ప్రధాని అటల్ బిహారీ వాజపేయి మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. గచ్చిబౌలిలో ట్రిపుల్ ఐటీ మొదలైందీ ఆ ఏడాదే. తరవాత కారిడార్ కొండాపూర్, రాయదుర్గం, నానక్‌రామ్‌గూడల మీదుగా పాకింది. సాఫ్ట్‌వేర్ సేవలతో పాటు ఆటల పరిశ్రమ కూడా నగరానికి వచ్చింది. అమెరికా సంస్థ ఎలక్ట్రానిక్ ఆర్ట్స్‌కు ఇక్కడ స్టూడియో ఉంది. ఫ్రెంచి సంస్థ గేమ్‌లాఫ్ట్ ఒక స్టూడియో నడిపింది. సెవెన్ సీస్ ఎంటర్‌టైన్‌మెంట్ హైదరాబాద్‌లో పుట్టి బొంబాయి స్టాక్ ఎక్స్ఛేంజిలో నమోదైన గేమ్ కంపెనీ. ఓగర్ హెడ్ స్టూడియో పురాణాల ఛాయలతో ‘అసుర’ అనే కత్తియుద్ధపు ఆటను 2017లో విడుదల చేసింది. హిట్‌వికెట్ క్రికెట్ వ్యూహాల ఆటతో పేరు తెచ్చుకుంది.

ప్రభుత్వం కూడా చేయి వేసింది. తెలంగాణ 2016లో యానిమేషన్, గేమింగ్ రంగాలకు ‘ఇమేజ్’ పేరుతో విధానం ప్రకటించి, 2017లో రాయదుర్గంలో ఇమేజ్ టవర్స్‌కు శంకుస్థాపన చేసింది. ఇండియా గేమ్ డెవలపర్ కాన్ఫరెన్స్ 2022, 2023, 2024 సంవత్సరాల్లో వరుసగా మాదాపూర్ పక్కనే ఉన్న హెచ్.ఐ.సి.సి. సమావేశ కేంద్రంలో జరిగింది.

ఇంత ఉన్నా హైదరాబాద్ పేరు మోసిన ఆటల్లో బ్యాటు కనిపిస్తుంది, కత్తి కనిపిస్తుంది. మాటామాటా పెరిగి పక్కగదిలోకి వెళ్లి తలుపేసుకున్న మనిషి కనిపించడు. ఇందులో ఒక విడ్డూరం ఉంది. మనుషుల మధ్య సంబంధాలనే ఆటగా మలచిన ‘ది సిమ్స్’ (2000), ‘మాస్ ఎఫెక్ట్’ వరుస, విడాకుల అంచున ఉన్న దంపతుల కథ ‘ఇట్ టేక్స్ టూ’ (2021) ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ గొడుగు కింద వచ్చినవే. ఆ సంస్థ పనివారు ఈ నగరంలోనే ఉన్నారు. ఆ కథలు మాత్రం ఈ నగరానివి కావు.

కథలకు కొరత ఏమీ లేదు. మాదాపూర్ అయ్యప్ప సొసైటీ హాస్టళ్లలో, కొండాపూర్ అద్దె ఫ్లాట్లలో ఉండేవారిలో చాలామంది జిల్లాల నుంచి వచ్చినవారు. ఆన్‌సైట్ అవకాశం, నైట్ షిఫ్టు, హోమ్ లోన్, వీసా లాటరీ, ఊళ్లో సంబంధాలు చూస్తున్న నాన్న — వీటిలో ఏ రెండు ఢీకొన్నా ఒక కథాక్రీడకు సరిపడా సంకటం పుడుతుంది. పెళ్లి కాకుండా కలిసి ఉండటం నేరం కాదని ఖుష్బూ కేసులో 2010లో సుప్రీంకోర్టు చెప్పింది. వివాహేతర సంబంధాన్ని నేరంగా చూసే భారత శిక్షాస్మృతి 497వ సెక్షన్‌ను జోసెఫ్ షైన్ కేసులో 2018 సెప్టెంబరు 27న కొట్టేసింది. చట్టం తప్పుకున్న చోట తీర్పు చెప్పవలసిన పని మనస్సాక్షి మీద పడింది. కథాక్రీడకు అదే రంగస్థలం.

బేతాళుడి ప్రశ్న, వైకుంఠపాళి నిచ్చెన

కథ ఆపి, విన్నవాణ్ని తీర్పు అడగడం తెలుగువారికి కొత్త కాదు. 1947 జూలైలో మొదలైన ‘చందమామ’ పత్రిక దశాబ్దాల పాటు బేతాళ కథలు వేసి పిల్లలకు ఆ అలవాటు చేసింది. పాత బేతాళ కథల్లో ఒకటి చూడండి. ఒకే అమ్మాయిని ప్రేమించిన ముగ్గురు యువకులు, ఆమె చనిపోతుంది. ఒకడు చితాభస్మం మీదే పడుకుంటాడు, ఒకడు అస్థికలు గంగకు మోసుకుపోతాడు, ఒకడు దేశాలు తిరిగి బతికించే మంత్రం నేర్చుకొస్తాడు. ఆమె లేచి కూర్చుంటే ఎవరి భార్య కావాలి? ప్రాణం పోసినవాడు తండ్రితో సమానమనీ, అస్థికలు మోసినది కొడుకు పని అనీ, బూడిదను వదలనివాడే భర్త అనీ విక్రమార్కుడు తేలుస్తాడు. పరాక్రమానికి కాక, పక్కన ఉండిపోవడానికి విలువ కట్టిన తీర్పు అది. అమ్మాయి ఇష్టం ఎవరూ అడగలేదన్న సంగతి ఈనాటి పాఠకుడికి వెంటనే తడుతుంది. నేటి కథాక్రీడ చేసే మొదటి మార్పు ఇదే: ప్రశ్నను ఆమెకే అప్పగించడం.

భారతంలో యక్షుడు ధర్మరాజుకు పెట్టిన పరీక్ష ఇంకా దగ్గరి పోలిక. నలుగురు తమ్ముళ్లలో ఒక్కణ్నే బతికిస్తానంటే భీమార్జునులను కాదని, మాద్రికి కూడా ఒక కొడుకు మిగలాలని నకులుణ్ని కోరుకున్నాడు. ఎంపిక ఒక్కటే, దాని ఖరీదు తెలుసు, వెనక్కి తిప్పే వీలు లేదు. కథాక్రీడ రాసేవారికి ఇంతకంటె మంచి నమూనా దొరకదు.

వైకుంఠపాళి సంగతి వేరు. గడుల్లో పాపపుణ్యాల పేర్లు ఉంటాయి, పుణ్యానికి నిచ్చెన, పాపానికి పాము. చూడటానికి నీతి ఆటే. కానీ ఆడేవాడు ఏదీ ఎంచుకోడు. గవ్వలు ఎటు పడితే అటే. పాపం చేయాలనుకోకుండానే పాము మింగుతుంది. కర్మ సిద్ధాంతానికి అది బాగానే ఒప్పుతుంది, నైతిక నిర్ణయానికి ఒప్పదు. నీతి ఆటలని చెప్పుకునే నేటి కంప్యూటర్ ఆటల్లోనూ వైకుంఠపాళి బాపతువి చాలానే ఉన్నాయి. మూడు జవాబులు చూపించి, ఏది నొక్కినా అదే దారికి తెస్తాయి.

బయటి చరిత్ర, క్లుప్తంగా

విల్ క్రౌథర్ 1976 ప్రాంతంలో రాసిన గుహల ఆటను మరుసటి ఏడు డాన్ వుడ్స్ పెంచాడు. అక్షరాలు టైపు చేసి ఆడే ఆటలకు అది మూలం. పెద్దల వస్తువు త్వరగానే చొరబడింది. 1981లో చక్ బెంటన్ రాసిన ‘సాఫ్ట్‌పోర్న్ అడ్వెంచర్’ వచ్చింది. దాని వారసుడుగా అల్ లో 1987లో ‘లీజర్ సూట్ లారీ’ తెచ్చాడు. ఆడేవారు పెద్దవారో కాదో తేల్చడానికి ఆ ఆట మొదట్లోనే పెద్దలకే తెలిసే లోకజ్ఞానపు ప్రశ్నలు అడిగేది. ఇన్ఫోకామ్ సంస్థకు 1987లో ఏమీ బ్రిగ్స్ రాసిన ‘ప్లండర్డ్ హార్ట్స్’ వీటికి పూర్తిగా భిన్నం. అందులో కథ నడిపేది స్త్రీ. ప్రేమ ఆమె నిర్ణయం, బహుమానం కాదు.

జపాన్‌లో 1992లో ‘దోక్యూసేయ్’, 1994లో కొనామి వారి ‘తోకిమెకి మెమోరియల్’ ప్రేమ వ్యవహారాన్ని రోజువారీ సమయపాలన లెక్కగా మార్చాయి. మొదటిది పెద్దలకు, రెండోది అందరికీ. అక్కడి తయారీదారులు 1992లోనే సొంతంగా ఒక నైతిక సంఘం పెట్టుకుని వయసు ముద్రలు మొదలుపెట్టారు. ఇంగ్లిషులో ఎమిలీ షార్ట్ 2000లో ‘గలాతియా’ రాసింది: మొత్తం ఆట ఒక శిల్పంతో సంభాషణ, ముగింపులు పదుల కొద్దీ. 2004లో రెన్‌పై, 2009లో ట్విన్ అనే ఉచిత పనిముట్లు రావడంతో కంపెనీ అండ లేనివారు కూడా ఇంట్లో కూర్చుని ఇలాంటి ఆటలు చేయగలిగారు. పెద్దల విజువల్ నావెల్స్ చాలా రెన్‌పైలో తయారవుతున్నాయి.

కొమ్మలు, ముడులు

ఈ ఆట రాయడంలో కష్టం ఎక్కడుందో ఒక కల్పిత ఉదాహరణతో చూడవచ్చు.

స్వాతి, కిరణ్ కొండాపూర్‌లో ఒకే ఫ్లాట్‌లో ఉంటున్నారు. ఇళ్లలో మాత్రం వేరువేరు హాస్టళ్లలో ఉన్నామని చెప్పారు. స్వాతికి డాలస్‌లో రెండేళ్ల ఆన్‌సైట్ వచ్చింది, రేపటికల్లా మేనేజరుకు జవాబు చెప్పాలి. ఆ రాత్రే కిరణ్ వాళ్లమ్మ చెప్పాపెట్టకుండా ఖమ్మం నుంచి బస్సెక్కి ఎం.జి.బి.ఎస్. బస్టాండులో దిగి ఫోన్ చేసింది. కిరణ్ అంటాడు: “ఈ రెండు రోజులూ నీ సామాను పక్కింట్లో పెడదామా?” ఆడేవారు స్వాతి. జవాబులు మూడు: సరేనని సామాను సర్దడం, ‘సర్దను, నిజం చెప్పేద్దాం’ అనడం, ఏమీ మాట్లాడకుండా స్నేహితురాలి హాస్టల్‌కు క్యాబ్ బుక్ చేసుకోవడం.

ప్రతి మలుపులో రెండే దారులు పెట్టి, పది మలుపులు కలపకుండా విడిగా రాసుకుంటూ పోతే 1,024 ముగింపులు వస్తాయి. దారిలో రాయవలసిన దృశ్యాలు 2,046. దృశ్యానికి 300 మాటలనుకున్నా ఆరు లక్షల మాటలు దాటుతాయి. ఎవరూ అంత రాయలేరు, రాసినా ఎవరూ అంత ఆడరు. అందుకే రచయితలు కొమ్మల్ని మళ్లీ ముడి వేస్తారు. స్వాతి ఏ జవాబిచ్చినా అమ్మ ఫ్లాట్‌కు వస్తుంది, తెల్లవారి ఉప్మా చేస్తుంది. మారేది అప్పటి గాలి. ఇందుకు ఆట లోపల కొన్ని చిన్న గుర్తులు దాచిపెడుతుంది: స్వాతి అబద్ధానికి తోడుపడిందా, కిరణ్ మీద నమ్మకం ఎంత, డాలస్ సంగతి అతనికి ముందు తెలిసిందా. నాలుగు దృశ్యాల తరవాత ఆ గుర్తుల్ని బట్టి కిరణ్ నోట ఒక మాట మారుతుంది. ఆ మాట తగిలినప్పుడే తన నిర్ణయం ఊరికే పోలేదని ఆడేవారికి తెలుస్తుంది.

ఈ ఉదాహరణ తెలుగులోనే ఎందుకు రాయాలో చెప్పే చోటు ఒకటుంది. తలుపు తీసిన స్వాతి ఆవిణ్ని ‘ఆంటీ’ అంటుందా, ‘అత్తయ్యా’ అంటుందా? ఇంగ్లిషు ఆటలో ఈ పలకరింపు ఒక ఎంపికే కాదు. మన ఇంట్లో కథ మొత్తం దాని మీద తిరుగుతుంది.

అనుబంధాల నాటకం

ఈ కోవలో తప్పక చూడవలసినది ‘ఫసాడ్’. మైకేల్ మటియాస్, ఆండ్రూ స్టెర్న్ 2005లో ఉచితంగా విడుదల చేశారు. పాత స్నేహితులైన ట్రిప్, గ్రేస్ దంపతుల ఇంటికి ఒక సాయంత్రం మీరు అతిథిగా వెళ్తారు. పలకరింపులు పూర్తయ్యే లోపే వాళ్ల కాపురం బీటలు వారిందని తెలుస్తుంది. మీరు ఏదైనా టైపు చేయవచ్చు. ఆట దాన్ని అర్థం చేసుకోవడానికి ప్రయత్నిస్తుంది. ఒకరి పక్షం వహిస్తే రెండోవారు ముడుచుకుంటారు, హద్దు మీరితే బయటికి గెంటేస్తారు. ఆటకు పట్టేది ఇరవై నిమిషాలు. ఇరుగుపొరుగు కాపురాల్లో పెద్దమనిషిగా కూర్చున్న అనుభవం ఉన్నవారికి ఈ ఇబ్బంది బాగా తెలుసు.

జపాన్ సంస్థ అట్లస్ 2011లో తెచ్చిన ‘క్యాథరిన్’ కథానాయకుడు విన్సెంట్‌కు 32 ఏళ్లు. చాలాకాలంగా ప్రేమిస్తున్న అమ్మాయి పెళ్లి మాట ఎత్తింది. అంతలో మరో అమ్మాయి పరిచయమైంది. సాయంత్రం బారులో కబుర్లు, సెల్‌ఫోన్ సందేశాలకు జవాబులు. రాత్రి పీడకలలో కూలుతున్న దిమ్మెలు ఎక్కడం. మధ్యలో చర్చి పాపనివేదన గదిలాంటి చోట ఆట సూటిగా అడుగుతుంది: పెళ్లితో జీవితం మొదలవుతుందా, ముగుస్తుందా? సందేశానికి ఏ మాటలతో జవాబు రాశామన్నది కూడా లెక్కలోకి వస్తుంది. రాత్రి పదకొండింటికి వచ్చిన వాట్సాప్ సందేశాన్ని చూసీ చూడనట్టు వదిలేసినవారందరికీ ఇది తగులుతుంది.

ఎంపికలు దాదాపు లేకుండా అనుబంధాన్ని ఆడించిన ఆట ‘ఫ్లోరెన్స్’. కెన్ వాంగ్ నాయకత్వంలో మెల్‌బోర్న్ స్టూడియో మౌంటెన్స్ దీన్ని 2018 ఫిబ్రవరి 14న విడుదల చేసింది. ఫ్లోరెన్స్ ఒక ఉద్యోగిని, ఆమె ప్రేమించిన కృష్ హేమ్రాజానీ భారతీయ మూలాలున్న చెల్లో వాద్యకారుడు. తొలి పరిచయంలో వాళ్ల సంభాషణ చాలా ముక్కల పజిల్. చేరువయ్యే కొద్దీ ముక్కలు తగ్గి మాట తేలికవుతుంది. గొడవల్లో ముక్కల అంచులు పదునెక్కుతాయి. కృష్ ఆమె ఇంటికి మారినప్పుడు అల్మారాలో ఎవరి వస్తువు తీసి ఎవరిది పెట్టాలో మనమే సర్దాలి. సంభాషణ ఒక్క మాట కూడా చదవకుండానే కాపురం ఎలా ఇరుకైందో తెలిసిపోతుంది. ఫోన్ మీద అరగంటలో అయిపోతుంది. అమీర్‌పేట నుంచి రాయదుర్గం మెట్రోలో ఒకసారి పోయివస్తే చాలు.

దక్షిణాసియా కుటుంబాల ఆటలు ఈమధ్యే వెలుగులోకి వచ్చాయి. టొరంటోలోని విసాయ్ గేమ్స్ 2023లో తెచ్చిన ‘వెన్బా’ కెనడాకు వలసపోయిన తమిళ తల్లి కథ. వంట చేస్తూ ఆడాలి. కొడుకు తన భాష నుంచి జారిపోతుంటే చూస్తూ ఊరుకోవాలి. డాలస్‌లో, న్యూజెర్సీలో ఉన్న తెలుగు ఇళ్లకు ఇందులో పేర్లు మార్చుకుంటే చాలు. అదే ఏడాది వచ్చిన ‘థర్స్టీ సూటర్స్’లో జాలా అనే అమ్మాయి అక్కచెల్లెళ్ల మధ్య ముదిరిన కోపాన్నీ, తను బాధపెట్టిన పాత ప్రేమికులనూ ఎదుర్కోవడానికి సొంతూరు వస్తుంది. ప్రేమికులతో మాటల యుద్ధం అక్షరాలా యుద్ధంలా సాగుతుంది. భారతదేశంలోనే తయారైన ‘అన్‌రెస్ట్’ (2014) పైరోడాక్టిల్ వారిది. ప్రాచీన భారతాన్ని తలపించే రాజ్యంలో కరువు, తిరుగుబాటు. ఒక పల్లెటూరి పిల్ల తనకు కుదిర్చిన పెళ్లిని తప్పించుకోవాలా వద్దా అన్నది అందులో ఒక అధ్యాయం. కత్తికంటె మాట ఎక్కువ పనిచేసే ఆట కాబట్టి అప్పట్లో ప్రత్యేకంగా నిలిచింది.

మంచికీ చెడుకీ మార్కులు

‘మాస్ ఎఫెక్ట్’ వరుస నైతిక ఎంపికల్ని రెండు కుప్పలుగా చేసి మార్కులు వేసింది: ఒకటి సాధువర్తన, రెండోది మొరటు మార్గం. దాని తయారీలో పనిచేసిన జాన్ ఎబెంగర్ 2020లో చెప్పిన ప్రకారం ఆడినవారిలో సుమారు 92 శాతం సాధుమార్గమే పట్టారు. మనుషులు స్వభావతః మంచివారని దీన్నుంచి తేల్చడం తొందరపాటు. మంచి జవాబు ఏదో రంగు వేసి చూపిస్తే, పరీక్షలో తెలిసిన ప్రశ్నకు జవాబు రాసినట్టే అందరూ అదే నొక్కుతారు. అక్కడ సంకటం లేదు.

టెల్‌టేల్ సంస్థ 2012లో తెచ్చిన ‘ది వాకింగ్ డెడ్’ మార్కులు తీసేసి గడియారం పెట్టింది. కొన్ని క్షణాల్లో జవాబు చెప్పకపోతే మౌనమే జవాబు. ప్రతి భాగం చివర ఎంత శాతం మంది ఏ నిర్ణయం తీసుకున్నారో చూపించేది. తన పక్కవాళ్లు ఏం చేశారో చూడాలన్న కుతూహలం ఆటకు కొత్త వ్యసనమైంది. ‘లైఫ్ ఈజ్ స్ట్రేంజ్’ (2015) కాలాన్ని వెనక్కి తిప్పుకునే శక్తి ఇచ్చింది; ఏ జవాబిచ్చినా తిప్పి చూసుకోవచ్చు. చివరికి ఊరా, ప్రాణస్నేహితురాలా అన్న చోట ఆ శక్తి అక్కరకు రాదు. లూకస్ పోప్ 2013లో చేసిన ‘పేపర్స్, ప్లీజ్’లో మీరు సరిహద్దు గుమాస్తా. భర్త కాగితాలు సరిగ్గా ఉన్నాయి, వెనక వచ్చిన భార్యకు ప్రవేశపత్రం లేదు. వదిలేస్తే మందలింపు నోటీసు, అవి పెరిగితే జీతంలో కోత. ఇంట్లో మీ పిల్లాడికి మందు కావాలి. జాలికి ధర ఉందని ఇంత చిన్న దృశ్యంలో చెప్పిన ఆట అరుదు.

వీటిని పక్కపక్కన పెట్టి చూస్తే ఒకటి తేలుతుంది. ఎంపిక బరువెక్కేది ఫలితం పెద్దదైనప్పుడు కాదు, దాని ఖరీదు ఇంకొకరు చెల్లించవలసి వచ్చినప్పుడు. లోకాన్ని రక్షించే నిర్ణయం కంటె స్వాతి సామాను సర్దే నిర్ణయం ఎక్కువ కాలం గుర్తుంటుంది.

చలం ‘మైదానం’లో (1927) రాజేశ్వరి తీసుకున్న నిర్ణయాల్ని మంచి కుప్పలోకో చెడ్డ కుప్పలోకో నెట్టాలని పాఠకులు దాదాపు నూరేళ్లుగా ప్రయత్నిస్తున్నారు, కుదరలేదు. గురజాడ నాటకంలో మధురవాణి కూడా అంతే. తెలుగు సాహిత్యం ఈ విద్యలో వెనకబడి లేదు.

శృంగారం, సమ్మతి

పెద్దల ఆటల్లో పాతుకుపోయిన పద్ధతి అభిమానపు పాయింట్లు. పొగిడితే ఒకటి, కానుక ఇస్తే రెండు; పది దాటగానే ప్రియురాలి తలుపు తెరుచుకుంటుంది. నాణెం వేస్తే కూల్‌డ్రింక్ డబ్బా పడే యంత్రంలా మనిషిని చూసే పద్ధతి ఇది. ఆడపాత్రకు కాదనే హక్కు లేదు. లెక్క సరిపోతే చాలు. ఈ రకం ఆటల మీద వచ్చిన విమర్శల్లో అన్నిటికంటె న్యాయమైనది ఇదే. అశ్లీలం అన్న ఆరోపణ దీని ముందు చిన్నది.

దీనికి జవాబుగా కొందరు సమ్మతినే ఆట కేంద్రంగా చేశారు. రాబర్ట్ యాంగ్ 2014లో చేసిన ‘హర్ట్ మీ ప్లెంటీ’లో ముందు హద్దులు మాట్లాడుకోవాలి, తరవాత ఎలా ఉందో అడగాలి. హద్దు దాటితే ఎదుటి పాత్ర మీతో ఆడటానికి నిరాకరిస్తుంది. ఆట మూసి మళ్లీ తెరిచినా కొంతకాలం తలుపు తీయదు. నమ్మకం రీసెట్ బటన్‌తో రాదని ఇంత మొండిగా చెప్పిన ఆట ఇంకొకటి దొరకడం కష్టం.

ఆఫీసుకు సంబంధించిన హెచ్చరిక ఒకటి ఇక్కడే చెప్పాలి. పనిచేసే చోట స్త్రీలపై లైంగిక వేధింపుల నిరోధక చట్టం (2013) ప్రకారం అశ్లీల దృశ్యాలు చూపించడం కూడా వేధింపే. పెద్దల ఆటను సరదాకి పక్క సీటు సహోద్యోగినికి చూపించడం కారిడార్‌లో ఉద్యోగం పోగొట్టుకునే పని.

చట్టం, వయసు ముద్ర, చెల్లింపుల గేటు

సినిమాకు సెన్సారు బోర్డు ఉన్నట్టు భారతదేశంలో ఆటలకు ముందస్తు ధ్రువీకరణ సంస్థ లేదు. ఫోన్ యాప్ దుకాణాల్లో కనిపించే వయసు సంఖ్యలు తయారీదారులు నింపే ప్రశ్నావళి మీద ఆధారపడినవి. అశ్లీల సమాచారాన్ని ఎలక్ట్రానిక్ రూపంలో ప్రచురిస్తే ఐటీ చట్టం 67వ సెక్షన్, లైంగిక చర్యలు స్పష్టంగా ఉంటే 67ఎ వర్తిస్తాయి. రెండోదానికి మొదటి నేరానికే ఐదేళ్ల వరకు జైలు, పది లక్షల వరకు జరిమానా. అంటే శృంగార దృశ్యాల ఆటను ఇక్కణ్నుంచి అమ్మడం ప్రమాదం. ఆలుమగల గొడవ మీద ఆటకు అలాంటి భయం లేదు. అశ్లీలమేదో ఒక్క దృశ్యాన్ని విడదీసి కాక మొత్తం సందర్భాన్నీ, సమకాలీన సమాజ ప్రమాణాలనూ చూసి తేల్చాలని అవీక్ సర్కార్ కేసులో 2014లో సుప్రీంకోర్టు చెప్పింది.

జూదం చట్టాలతో దీన్ని కలపకూడదు. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో గేమింగ్ చట్టాలు సవరించి ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడే ఆటలను నిషేధించాయి. 2025 ఆగస్టులో కేంద్రం దేశమంతటికీ అలాంటి చట్టం తెచ్చింది. అవన్నీ పందెం ఉన్న ఆటల గురించి. ఒకసారి ధర చెల్లించి కథ ఆడుకోవడం పందెం కాదు.

అసలు కత్తెర ఇంకోచోట ఉంది. 2018లో స్టీమ్ దుకాణం చట్టవిరుద్ధమైనవి, రెచ్చగొట్టేవి తప్ప దేన్నీ ఆపనని ప్రకటించి పెద్దల ఆటలకు తలుపు తీసింది. 2025 జూలైలో చెల్లింపుల సంస్థల ఒత్తిడితో అదే స్టీమ్ కొన్ని ఆటల్ని తొలగించింది, ఇచ్.ఐఓ అనే మరో ఆన్‌లైన్ దుకాణం పెద్దల ఆటలను వెతుకులాటలో కనిపించకుండా చేసింది. గృహహింసనో లైంగిక గాయాన్నో గంభీరంగా రాసిన కథలు కూడా ఆ వలలో పడ్డాయని రచయితలు మొత్తుకున్నారు. కోర్టు చెప్పని తీర్పును కార్డు కంపెనీ చెప్పడం మంచి సంప్రదాయం కాదు.

తెలుగులో రాయడానికి

ట్విన్‌లో చేసిన ఆట బ్రౌజర్‌లో నడుస్తుంది కాబట్టి గుణింతాలు, వత్తులు సరిగ్గానే పడతాయి. రెన్‌పైలో భారతీయ లిపులు చాలాకాలం ముక్కలు చెక్కలుగా కనిపించేవి. అక్షరాలను కూర్చే హార్ఫ్‌బజ్ లైబ్రరీని చేర్చుకున్నాక ఆ బాధ తగ్గింది. ఇంక్ అనే మరో పనిముట్టును ‘80 డేస్’ తీసిన ఇంకిల్ స్టూడియో 2016లో అందరికీ ఉచితంగా ఇచ్చింది. తెలుగుకు ప్రత్యేకమైన చిక్కు వ్యాకరణంలో ఉంది. ఆడేవారు స్త్రీయో పురుషుడో ఎంచుకునే వీలుంటే ఆ పాత్ర గురించి ప్రథమ పురుషలో వచ్చే ప్రతి క్రియా మారాలి: వచ్చాడు, వచ్చింది. ఎవరు ఎవరిని ‘నువ్వు’ అంటారో, ఎప్పుడు ‘మీరు’లోకి జారతారో కూడా ఆట గుర్తుపెట్టుకోవాలి. ఇంగ్లిషులో రాసి తెలుగులోకి మార్చుదామనుకుంటే ఇక్కడే బోల్తా పడతారు.

కొత్తగా రాయబోయేవారు పెద్ద కథ ఎత్తుకోవద్దు. ఒక ఫ్లాట్, ఇద్దరు మనుషులు, ఒక రాత్రి, ఐదు ఎంపికలు, మూడు ముగింపులు చాలు. అన్ని ముగింపులూ మీకు నచ్చేవరకు తిరగరాయండి. నచ్చని ముగింపు శిక్షలా కనిపిస్తుంది, ఆడేవారు దాన్ని వెంటనే పసిగడతారు. ట్విన్ వాడటానికి ప్రోగ్రామింగ్ రానక్కరలేదు.